ప్రివెంటు యోబు

బేస్తవారిపేటలో బస్సు దిగి, టీ కొట్టు దగ్గర ఎవరినైనా ఆపి యోబు ఇల్లెక్కడ అని అడిగితే, "ఏ యోబు? పాస్టరు యోబా, ప్రివెంటు యోబా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. పాస్టరు గారి సంగతి మనకొద్దు. ఆయనకు చెప్పుకోవడానికి ఆదివారం ఆదివారం మైకు ఉంటుంది. రెండో యోబుకు మైకు లేదు. ఒక పాత మోటారు సైకిలు, దాని వెనక సీటుకు రబ్బరు తాళ్ళతో బిగించిన నీలం రంగు ఐసు పెట్టె, ఆ పెట్టె మీద తెల్ల పెయింటుతో సొంత చేత్తో రాసుకున్న ఒక్క ఇంగ్లీషు మాట, అదీ ఆయన సరంజామా. ఆ మాట ప్రివెంటివ్. రాసేటప్పుడు చోటు చూసుకోలేదేమో, చివరి అక్షరం పెట్టె అంచు దాటి పక్కకు తిరిగిపోయింది.

యోబు ఉద్యోగం పేరు గోపాలమిత్ర. పశువుల ఆసుపత్రికి ఊళ్ళలో కాలూ చెయ్యీ తానే. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగిస్తాడు, గేదెలకు గాలికుంటు టీకా వేస్తాడు, ఏ కాలానికి ఏ రోగం వస్తుందో దానికంటే ముందు తాను ఆ ఊరికి పోతాడు. గిద్దలూరులో ఇంటర్ చదివి, అన్నీ గట్టెక్కి, ఒక్క ఇంగ్లీషులో ఆగిపోయాడు. చదువు ఆగిన చోటే మనసు కూడా ఆగింది కాబోలు, ఇంగ్లీషు మాట కనపడితే వదలడు. శిక్షణలో పాఠం చెప్పిన ముసలి డాక్టరు ఒకాయన, "మీది ప్రివెంటివ్ పని నాయనా. బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగలేదని ఎవరూ దండ వెయ్యరు. అది తెలుసుకుని దిగండి" అన్నాడట. మిగతావాళ్ళు ఆ పూట అన్నం గురించి ఆలోచిస్తుంటే, యోబు ఆ మాటను అరచేతిలో రాసుకుని ఇంటికొచ్చాడు.

అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర ఇదే తంతు.

"ప్రివెంటు అంటే ఏంది యోబూ?"

"రోగం రాకముందు ఇచ్చేది."

"రాని రోగం నీకు యాడ కనపడింది?"

"కనపడకుండా చేసేదే ఇది."

"అట్లయితే నేనూ ప్రివెంటే. మన ఊళ్ళోకి పెద్దపులి రాకుండా రోజూ పొద్దున్నే ఈల ఏస్తన్నా. ఇన్నేళ్ళలో వచ్చిందా?"

అందరూ నవ్వుతారు, యోబు కూడా నవ్వుతాడు, టీ గ్లాసు కడిగి పెట్టి బండి ఎక్కుతాడు. నవ్వినంత మాత్రాన ఆ ప్రశ్న పోదు. నల్లమల అంచున గతుకుల దారిలో బండి నడుపుతూ, ఆ ఈల వేసేవాడికి ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉంటాడు.

మాట సంగతి కాస్త చెప్పుకుందాం, దారిలో నీడ దొరికింది కదా. ఇంగ్లీషులో ఇది విశేషణం. ఒంటరిగా తిరగడం దానికి పెద్దగా ఇష్టముండదు, వెనక ఒక నామవాచకాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. మందు ముందు నిలబడితే రోగం రాకుండా చూసే మందు. ఆర్టీసీ గ్యారేజీలో మరమ్మతు ముందు నిలబడితే, బస్సు నడిదారిలో ఆగకముందే బోల్టులు బిగించడం. పోలీసు నోట అరెస్టు ముందు నిలబడిందంటే మాత్రం, తగువు జరగకముందే మనిషిని తీసుకుపోయి కూర్చోబెట్టడం. ఒకే మాట, పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి చల్లగానూ ఉంటుంది, చెమటలూ పట్టిస్తుంది. దీనికే ప్రివెంటేటివ్ అని ఇంకాస్త పొడుగు రూపం కూడా ఉంది. అర్థంలో వెంట్రుకవాసి తేడా లేదు, నాలుకకు పని ఎక్కువ, అంతే. పెద్ద పెద్ద రాతల్లో పొట్టిదే ఎక్కువగా కనపడుతుంది. మూలంలోకి పోతే లాటిన్ వాళ్ళు ముందుగా రావడాన్ని అలా అన్నారు. అడ్డుకోవడం అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. మనకేమో నివారణ అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. తలనొప్పి నివారణకు మాత్ర అంటాం, మలేరియా నివారణకు దోమతెర అంటాం. మాత్ర నొప్పి వచ్చాక, తెర దోమ రాకముందు. ముందుకూ వెనక్కూ మధ్యనున్న గోడను మనం కట్టుకోలేదు, కట్టుకోకపోయినా ఇన్నాళ్ళూ బతికాం.

యోబు వాళ్ళమ్మ మార్కాపురంలో పలకల పనికి పోయేది. రాయి కోసే చోట లేచే దుమ్ము ముక్కులోకీ గొంతులోకీ పోతుంటుంది. ఆమె రోజూ పాత చీర చెంగు నీళ్ళలో ముంచి ముక్కుకూ నోటికీ కట్టుకునేది. పక్క ఆడవాళ్ళు "దొంగతనానికి పోతన్నావా ఏంది" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఎండాకాలం కూడా ఆ తడిగుడ్డ విప్పేది కాదట. ముసలితనంలో చర్చిలో పాటలు గొంతెత్తి పాడేది, ఆమెతో పలకల పనికి పోయినవాళ్ళలో గట్టిగా పాడగలిగింది ఆమె ఒక్కతే. తనకు ఆ ఇంగ్లీషు మాట ఎందుకు నచ్చిందని యోబు ఎప్పుడూ అనుకోలేదు గానీ, వాళ్ళమ్మను చూసినవాళ్ళకు ఆశ్చర్యమేమీ ఉండదు.

ఇక పిట్టలగుంట సంగతి.

పిట్టలగుంట బేస్తవారిపేటకు అవతల గుట్టల వెంబడి ఉన్న పల్లె. అక్కడ ఓబులయ్యది పెద్ద మంద. మూడేళ్ళ కిందట వానలు తొందరపడ్డాయి. ఎండిపోయిన నేల మీద లేత గడ్డి ఒక్కసారిగా పచ్చగా లేచింది. ఎండాకాలమంతా ఆకులూ కాయలూ నమిలి విసిగిన గొర్రెలు దాని మీద పడ్డాయి. లేత గడ్డితో పాటే చిటుక రోగం కూడా వచ్చింది. సాయంత్రం గంతులేసిన జీవం పొద్దున కాళ్ళు చాపి పడుంటుంది, అందుకే దానికి ఆ పేరు. దాని గుణం ఇంకోటి ఉంది. బక్కవాటి జోలికి పెద్దగా పోదు. కడుపు నిండా తిని నిగనిగలాడే వాటినే ఏరుకుంటుంది.

ఓబులయ్య పరుగున వచ్చి యోబును పట్టుకున్నాడు. "నివారణ మందు పెట్టె నిండా పెట్టుకుని తిరుగుతావే, ఏయవేంది?"

"అన్నా, ఇది రోగం రాకముందు ఏసేది. ఒంట్లో పట్టడానికి రెండు వారాలు పడతాది. ఇప్పుడేస్తే లాభం లేదు."

"చచ్చేవాటిని చూస్తా నిలబడమంటావా? ఏసి చూడు తమ్ముడా, నీ కాళ్ళు పట్టుకుంటా."

కాళ్ళ మాట వచ్చేసరికి యోబు మెత్తబడ్డాడు. వేశాడు. మర్నాడు ఇంకొన్ని పోయాయి. సూది పడనివి కూడా పోయాయి గానీ అవి ఎవరికీ గుర్తు లేవు, సూది పొడిచినవే చచ్చినాయన్న మాట ఊళ్ళో నిలిచింది. ఆ దుఃఖంలో ఓబులయ్య అంకమ్మ తల్లికి మొక్కుకున్నాడు. మిగిలినవాటిని కాపాడితే, వచ్చే కొలుపు జాతరలో మందలోకెల్లా మంచి పొట్టేలును ఇచ్చుకుంటానన్నాడు. గడ్డి ముదిరింది, చావులు ఆగాయి. ఆగినాక, ఆపింది ఎవరన్న దాంట్లో ఓబులయ్యకు అనుమానం లేదు.

అప్పుడు పిల్లగా ఉన్నదాన్ని ఎంచి వదిలాడు. దేవర పొట్టేలంటే దానికి ఇనుము తగలకూడదు. ఉన్ని కత్తిరించరు, చెవి కొయ్యరు, ముల్లు గుచ్చుకుంటే చేత్తోనే తీస్తారు. అది మందకు ముందు నడుస్తుంది, ఊళ్ళో ఏ గడప ముందు నిలబడితే ఆ ఇల్లాలు గుప్పెడు జొన్నలు పెడుతుంది. మూడేళ్ళు అలా తిని అది కంబళి చుట్టిన బండరాయిలా తయారైంది. ఈ ఏడు పంటలు ఇంటికొచ్చాక కొలుపు.

ఎండలు ముదిరిన నెలలో, పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ యామిని యోబును పిలిచి, "మబ్బులు ముందుగానే కనిపిస్తున్నాయి. పిట్టలగుంట ఒక్కటే మిగిలింది. ఎలాగోలా నచ్చజెప్పండి" అంది. ఆమె మాటలో విసుగు లేదు. ఆ ఊరికి తానూ ఒకసారి పోయి, మజ్జిగ తాగి, పని కాకుండా తిరిగొచ్చింది.

యోబు పోయేసరికి ఓబులయ్య వేపచెట్టు కింద గొంగడి పరచుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన దేవర పొట్టేలు, మనుషుల మాటలు తనకు అవసరం లేదన్నట్టు, నెమరేస్తోంది.

"రా తమ్ముడా, కూర్చో. నీళ్ళు తాగు. పెట్టె మాత్రం దించమాక."

"అన్నా, ఆ యేడు వేరు. రోగం దిగినాక ఏసినాం. ఇప్పుడు రోగం రాలా. ఇప్పుడేస్తే..."

"ఆగు." ఓబులయ్య చెయ్యి ఎత్తాడు. కోపంగా లేడు. చాలా రోజులుగా తనలో తానే అనుకున్న మాటను బయటికి తీస్తున్నవాడిలా ఉన్నాడు. "నీ మందు మంచిదే కావచ్చు. నేను కాదనను. నేను మొక్కినా. ఆ యమ్మ మూడేళ్ళు కాపాడింది. మొక్కుబడి చెల్లించే యేట, చెల్లించక ముందు, నీ సూది ఏయించుకున్నా అనుకో. అమ్మా, నువ్వు కాపాడతావో లేదో అని నేను ఇంకొకరిని పెట్టుకున్నా అన్నట్టు గదా? ఆ యమ్మ మొహం నేనెట్ల చూడాల?"

యోబు చెంబు అందుకున్నాడు. రోగాల గురించి అడిగితే చెప్పగలడు. దేవుడి మీద నమ్మకం గురించి, అదీ తనది కాని దేవుడి గురించి, ఏం చెప్పగలడు? తాను ఏ మాటన్నా, "మీకు మా అమ్మ లెక్కలేదులే" అన్న మాట తిరిగొస్తుంది. నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, లేచాడు. ఆకాశంలో పడమటి దిక్కున మబ్బు పేరుకుంటోంది. ఓబులయ్యకు పొలం పెద్దగా లేదు. ఉన్నదంతా ఆ మంద. మందు పట్టడానికి రెండు వారాలు పడుతుంది, వాన అన్నాళ్ళు ఆగుతుందో లేదో.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సరిగా తినలేదు. "ఏంది, పెళ్ళికి పిలవనోడి మాదిరి కూర్చున్నావు" అంది భార్య కరుణమ్మ. సంగతి చెప్పాడు. ఆమె గిన్నెలు సర్దుతూ, "ఆయనతో మాట్లాడితివి. ఇంటామెతో మాట్లాడినావా? మంద కాడ పేడ ఎత్తేది ఎవరు?" అంది.

మర్నాడు ఎండ ఎక్కకముందే పోయాడు. మొగుడూ పెళ్ళామూ దొడ్డికి కంప వేస్తున్నారు. తుమ్మకంప కొమ్మలు కొట్టి తెచ్చి, పాతవి సడలిన చోట కొత్తవి దోపుతున్నారు. యర్రగొండపాలెం దారిలో చిరుత కనపడిందని ఎవరో చెప్పారట. ఓబులయ్య భార్య రోశమ్మ చేతులకు గోనెపట్టా చుట్టుకుని, ముళ్ళతో కుస్తీ పడుతోంది. ఆమె మాటకు ఆ ఊళ్ళో మొగవాళ్ళు కూడా కాస్త పక్కకు తప్పుకుంటారు.

"ఏం మరిదీ, పొద్దున్నే దిగినావు? మీ యన్న పెట్టె దించనీలేదంట గదా."

"లేదు వదినా. దించకుండానే పోయినా."

"నిన్ననంగా చెప్పినాడు నాకు. అమ్మ మీద నమ్మకం లేనట్టు అవతాదంట." ఆమె నడుం పట్టుకుని నిటారుగా నిలబడి మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యో, ఈ కంప ఎందుకేస్తన్నాం మనం?"

"చిరుత కోసం." ఓబులయ్య ముఖం ఎత్తలేదు.

"అమ్మ కాపాడదా చిరుత నుంచి?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఏంది వేరు? చిరుత నాలుగు కాళ్ళతో వస్తాది, ఆ రోగం కాళ్ళు లేకుండా వస్తాది. కంప ఏసేటప్పుడు అమ్మను అడిగినావా, అమ్మా నీ మీద నమ్మకం లేక ఏస్తన్నా, ఏమనుకోమాక అని? కుక్కను పెంచేటప్పుడు అడిగినావా? నువ్వు మొక్కిన రోజు రాత్రి కూడా దొడ్డికి తడిక అడ్డం పెట్టే పడుకున్నావు. నేను చూడలే?"

ఓబులయ్య చేతిలోని కంప కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. యోబు నేల చూపులు చూస్తున్నాడు. ఇప్పుడు తాను నోరు తెరిస్తే పని చెడుతుందని ఆయనకు తెలుసు. దొడ్డిలో గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి.

"ముళ్ళకంప బయట ఏసేది," అన్నాడు ఓబులయ్య చివరికి. "ఆ సూది లోపల ఏసే కంపంటావు."

"నేను పేడెత్తేదాన్ని, నాకేం తెలుసు. మా మరిదిని అడుగు."

"అదేనన్నా," అన్నాడు యోబు. ఇన్నేళ్ళూ టీ కొట్టు దగ్గర చెప్పలేకపోయిన అర్థం ఇలా కంపకొమ్మల మధ్య దొరుకుతుందనుకోలేదు. "పెట్టె మీద నేను రాసుకున్న మాటకు అర్థం అదే."

ఓబులయ్య కంపను గుంతలో దోపి, కాలితో మట్టి తొక్కాడు. "సరే. మంద మొత్తానికి ఏయి. దానికి మాత్రం ఏయమాక. దానికి ఇనుము తగలకూడదు. దాని మీద నువ్వు ఇంకో మాట మాట్లాడినావంటే ఈ మాట కూడా ఎనక్కి తీసుకుంటా."

యోబు పెట్టె దించాడు. తడిక కాస్త పక్కకు జరిపి, గొర్రెలను ఒక్కొక్కటిగా వదిలారు. రోశమ్మ మెడ పట్టుకుంటే, ఓబులయ్య వెనక కాలు ఎత్తి పట్టుకున్నాడు, తొడ లోపలి పక్క మెత్తటి తోలు కింద యోబు మందు ఎక్కించాడు. సూది పడ్డ జీవం నుదుటి మీద రోశమ్మ ఎర్రమట్టి గేరు పూసింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుట్ట దిగువంతా ఎర్ర బొట్లు. దేవర పొట్టేలు మాత్రం దూరంగా నిలబడి, తనకు పెట్టని బొట్టు కోసం చూస్తున్నట్టు చూస్తోంది.

ఇంటికి వస్తూ యోబు దాని గురించే ఆలోచించాడు. ఆ మందలో చిటుక రోగం ముందు ఎవరిని పిలుస్తుందో చిన్నపిల్లకాయను అడిగినా చెబుతాడు. అది పోయిందా, తక్కిన మంద అంతా బాగున్నా, అమ్మకు కోపం వచ్చిందంటారు. సూదికి ఒప్పుకున్నందుకే వచ్చిందంటారు. అందరికంటే ముందు ఓబులయ్యే ఆ మాట అంటాడు. ఇక ఆ గుట్టల వెంబడి ఏ పల్లెలోనూ పెట్టె దించనివ్వరు. డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"దాన్ని బలవంతపెట్టకండి," అంది ఆమె. "సూది ఒక్కటే దారి కాదు కదా యోబు గారూ. లేత గడ్డి తిననివ్వకండి. గింజలు అసలు వద్దు. కడుపు నిండా జొన్నలు పడినా ఇదే రోగం వస్తుంది. ఎండు మేత మీద ఉంచండి, వానలు కుదురుకునేదాకా."

గడ్డి మానిపించడానికి కట్టేస్తే సరిపోతుంది. జొన్నలు ఎవరు మానిపిస్తారు? ఊరు ఊరంతా భక్తితో పెట్టే జొన్నలు. ప్రతి గడపకూ పోయి, మీరు దండం పెట్టి చేసే పని దాన్ని చంపుతుంది అని చెప్పాలి. చెప్పేది ఒక చర్చి మనిషి. యోబు బండి పక్కన ఆపి, వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు. ప్రివెంటివ్ అంటే సూదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పెట్టె మీద ఆ మాట ఒంటరిగా రాసుకున్నాడు, దాని పక్కన ఏ నామవాచకమైనా వచ్చి కూర్చోవచ్చని తోచలేదు.

రోశమ్మకు చెప్పాడు. ఆమె సాంతం విని, "మా పుట్టింటి వైపు తొలకరిలో మంచు ఆరిందాకా మంద విప్పరు. ఎందుకని ఎవరికీ తెలీదు, విప్పరంతే" అంది. లోపలికి పోయి, కళ్ళం తొక్కేటప్పుడు ఎద్దుల మూతికి కట్టే తాటినార చిక్కం తెచ్చింది. పొట్టేలు మూతికి అది వదులైంది, కుట్లు వేసి బిగించింది. నిండా పసుపు రాసింది. ముందర కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇదేంది వదినా?"

"దేవర ఉపాసం. పసుపు రాసినాక ఎవరు విప్పతారో చూస్తా." కళ్ళు చిట్లించి నవ్వింది. "అబద్ధం మాత్రం ఆడను. అడిగినోళ్ళకు ఉన్నదున్నట్టు చెబుతా. పసుపు ఎందుకంటే, మాట ఎక్కకపోయినా చెయ్యి ఆగతాదని."

రోజుకు రెండుసార్లు చిక్కం విప్పి, దొడ్డి మూల కట్టేసి, కందిపొట్టూ ఎండు చొప్పా పెట్టేది. పొట్టేలుకు ఆ మేత నచ్చలేదు. మూడేళ్ళ మర్యాద ఒక్కసారిగా పోయేసరికి అరిచి గోల చేసింది.

అందరికంటే ముందు గొడవకు వచ్చింది కృష్ణమ్మ. ఆ వీధిలో పెద్ద ముసలమ్మ, పొట్టేలుకు రోజూ చేతి నిండా జొన్నలు పెట్టే మనిషి.

"ఏమే రోశీ, దేవర నోటికి కట్టేస్తివేంది? కళ్ళు పోతాయే నీకు!"

"పోతే నాయే పోతాయి గదత్తా. అమ్మకు కావాల్సింది బతికిన పొట్టేలా, చచ్చిన పొట్టేలా? జొన్నలు తిని కడుపుబ్బి పోయిందంటే, నువ్వు పెట్టిన జొన్నలే అని అమ్మ నీకాడికే వస్తాది."

"నన్నంటావా! నేను పెట్టినవి తినే ఇంతయింది అది!"

"అందుకే గదా నా భయం. ఇంత కాకుంటే రోగం దాని మొహం కూడా చూడదు."

కృష్ణమ్మ తిట్టుకుంటూ పోయింది. వీధి మలుపు దాకా ఆ తిట్లు వినపడ్డాయి. ఓబులయ్య ఆ చిక్కం వైపు చూడకుండా మందను తోలుకుపోయాడు. ఆయనకు రెండు వైపులా భయమే.

మబ్బు అన్ని రోజులూ ఊరించి ఊరించి, సూది మందు ఒంటికి పట్టే గడువు దాటాక కురిసింది. ఒకటికి రెండు మంచి వానలు. గుట్టలు రాత్రికి రాత్రి రంగు మారాయి. చుట్టుపక్కల నుంచి కబుర్లు మొదలయ్యాయి. అవతలి పల్లెలో అంకన్న మందలో నాలుగు పోయాయట. యోబు ఆ వారమంతా పొద్దున్నే పిట్టలగుంట మీదుగానే పోయేవాడు, పని ఉన్నా లేకపోయినా. బండి దూరంగానే ఆపి, దొడ్డి వైపు చెవి పెట్టేవాడు. ఏడుపు వినపడితే ఒక సంగతి, తిట్లు వినపడితే ఒక సంగతి. మామూలు అరుపులు వినపడితే ఊపిరి పీల్చుకుని ముందుకు పోయేవాడు.

ఒక పొద్దున తిట్లు వినపడ్డాయి.

తాడు తెగింది. పొట్టేలు లేదు. చిక్కం దొడ్డి కంపకు తగులుకుని వేలాడుతోంది. ఓబులయ్య ముఖం తెల్లబోయి ఉంది. రోశమ్మ అప్పటికే పైట నడుముకు చుట్టి వీధిలోకి దిగింది. యోబూ ఓబులయ్యా ఆమె వెనకే నడిచారు. అది ఎక్కడికి పోయుంటుందో ముగ్గురికీ తెలుసు.

పొట్టేలు కృష్ణమ్మ వాకిట్లో ఉంది. తల చేటలో పెట్టి, కదలకుండా నిలబడి, ఏదో నాకుతోంది. ఓబులయ్య గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు.

"పోయింది," అన్నాడు. "తిన్నది."

కృష్ణమ్మ ఇంట్లో నుంచి చీపురు పట్టుకుని వచ్చింది. "ఏందిరా తిన్నది? దుమ్ము తిన్నదా? తెల్లారక ముందే వచ్చి తలుపు పొడస్తా ఉంది, దొంగమొహంది. నీ పెళ్ళాం ఆ మాట అన్న రోజే జొన్నల గంప అటక మీదికెక్కించినా. నా జొన్నలు తిని చచ్చిందని నాకెందుకురా ఆ పాపం? చేటలో ఏముంది, నిన్నటి పొట్టు. నాకి నాకి చేటకు బొక్క పెట్టింది, కొత్త చేట!"

రోశమ్మ చేట ఎత్తి చూసింది. ఒక్క గింజ లేదు. పక్కింట్లో పావని కూడా తలుపు చాటు నుంచి, "మేమూ పెట్టడంలేదు పిన్నీ. వచ్చి గడపలో నిలబడి చూస్తాది, పాపం అనిపిస్తాది, దండం పెట్టి తలుపేసుకుంటన్నా" అంది. ఆ మాట విని ఓబులయ్య గుమ్మం దగ్గర నుంచి లేచాడు. ఇన్నాళ్ళూ ఊరంతా తన పెళ్ళాన్ని తిడుతోందనుకున్నాడు. తిడుతూనే ఊరు చెయ్యి ముడుచుకుంది.

ఆ పగలు యోబు ఇంకెక్కడికీ పోలేదు. దారిలో ఎక్కడైనా గడ్డి మేసిందేమోనన్న అనుమానం మిగిలే ఉంది. ఓబులయ్యా తానూ పొట్టేలుకు ఎదురుగా కూర్చున్నారు. అది పడుకుంటే ఇద్దరూ ముందుకు వంగేవాళ్ళు, లేస్తే వెనక్కి ఆనుకునేవాళ్ళు. రోశమ్మ అన్నం తెచ్చి పెట్టి, "ఇద్దరూ దాన్ని అట్ల చూస్తాంటే సిగ్గుతో చస్తాది" అంది. పొద్దు వాలేసరికి అది లేచి, ఒళ్ళు దులుపుకుని, ఓబులయ్య గొంగడి అంచు నమలడం మొదలుపెట్టింది.

వానలు కుదురుకున్నాయి, గడ్డి ముదిరింది. పిట్టలగుంట మందలో ఏమీ జరగలేదు.

ఆ తర్వాతి సంత రోజు బేస్తవారిపేట టీ కొట్టు దగ్గర అందరూ ఉన్నారు. ఈల వేసే మనిషి ఉన్నాడు, సంతకొచ్చిన ఓబులయ్యా, నాలుగు జీవాలు పోగొట్టుకున్న అంకన్నా కూడా ఉన్నారు. యోబును చూడగానే ఈల మనిషి మొదలుపెట్టాడు.

"ఏం ప్రివెంటూ, పిట్టలగుంటలో రోగమే రాలేదంట గదా ఈ యేడు. సూదులన్నీ దండగేనా?"

యోబు ఎప్పటిలా నవ్వబోయాడు. ఓబులయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రాలా," అన్నాడు. "రాకపోవడం నేను పక్కన కూర్చుని చూసినా. పొద్దున నుంచి పొద్దు మునిగిందాకా. నువ్వు చూసినావా ఎప్పుడన్నా?"

"అమ్మ దయ అంటావనుకుంటిగా మామా" అన్నాడు.

"అమ్మ దయే. ఎవురు కాదన్నారు?" ఓబులయ్య అంకన్న వైపు తిరిగాడు. "అల్లుడా, మిగిలినవాటిని గడ్డి తేలిన చోటికి తోలమాక. నాలుగు రోజులు ఎండు చొప్ప మీద పెట్టు. వచ్చే యేడు మాత్రం రోగం దిగినాక పరిగెత్తుకు రామాక, నా మాదిరి. కత్తెర ఎండల్లోనే, వానకు ముందే, దొడ్డి కంప జరిపి పెట్టుకో, మా తమ్ముడు లోపలి కంప ఏయడానికి వస్తాడు."

అంకన్న తలూపాడు. పోయిన నాలుగూ ఎట్లాంటివో చెప్పడం మొదలుపెట్టాడు. అన్నీ నిగనిగలాడేవేనట. యోబు బల్ల మీద జరిగి అతనికి చోటిచ్చి, ఏ పక్క మేపావు, గింజలేమైనా పెట్టావా అని ఒక్కొక్కటే అడగసాగాడు.